బయలుదేరిన సంచి

ప్రపంచంలో సగం దేశాలకు గాలి పంపినవాణ్ణి నేను. హైదరాబాదులో నాచారం దాటకుండా, ఎన్నో సముద్రాల అవతల ఉన్నవాళ్ళ చెమట ఆరబెట్టాను. ఈ మాట అనగానే ఎదుటివాళ్ళ ముఖం కొంచెం వెలుగుతుంది. ఆ వెలుగు కాసేపు చూసి ఆనందించాక నిజం చెబుతాను. సగం దేశాలు కాదు, మూడు. ఆ మూడింటిలో రెండింటికి ఒక్కొక్క లోడు వెళ్ళి ఆగిపోయింది. మిగతా సరుకంతా వరంగల్, కరీంనగర్, నిజామాబాద్. పైగా నేను ఫ్యాన్లు చేసినవాణ్ణి కూడా కాదు. సీలింగ్ ఫ్యాన్ల కంపెనీలో చెక్కపెట్టెల మీద ఊళ్ళ పేర్లు వేసేవాణ్ణి. రేకులో కోసిన అక్షరాన్ని పెట్టెకు ఆనించి, నల్లరంగులో ముంచిన గుడ్డతో అద్దాలి. రిటైరయ్యేదాకా నా పని అదే.

ఆ మూడు దేశాల్లో ఏటేటా సరుకు పోయింది ఫిజీకి ఒక్కదానికే. పెట్టె మీద వేయాల్సిన ఊరు సువా. ఇంగ్లీషులో నాలుగే అక్షరాలు కాబట్టి ఆ లోడు వచ్చిందంటే నాకు సగం సెలవు దొరికినట్టే. ఒకసారి అందులో మూడో అక్షరం రేకు ఎక్కడో పడిపోయింది. కొత్తది చేయించేదాకా నాలుగో అక్షరం రేకునే తలకిందులు చేసి అద్ది, మధ్య గీతను తుడిచేసేవాణ్ణి. కొన్నింటికి తుడవడం మరిచిపోయాను. అయినా పెట్టెలన్నీ చేరాయి. అప్పటినుంచి ఆ ఊరిమీద నాకొక అభిమానం పుట్టింది.

ఫ్యాన్లు కొనే షావుకారు ఒకసారి సువా నుంచి మా కంపెనీకి వచ్చాడు. పెద్దపెద్ద పువ్వుల చొక్కా వేసుకున్నాడు. తాతముత్తాతల కాలంలో చెరుకుతోటల్లో పనికి ఇక్కడినుంచి ఓడెక్కిన వాళ్ళ వంశమట. తెలుగు రాదు. మన హైదరాబాదు హిందీకి దూరపు చుట్టంలాంటి హిందీ మాట్లాడాడు. పెట్టెలు చూసుకుంటూ నా దగ్గర ఆగి, భుజం మీద చెయ్యి వేసి, "మీ ఊళ్ళో వాన చుట్టంలా వచ్చిపోతుంది, మా ఊళ్ళో వాన ఇంటిమనిషి, ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆయన అలా అనలేదు. "మా దగ్గర వాన ఎక్కువ, పెట్టెల మీద నీ రంగు కారిపోతున్నది, మంచి రంగు వాడు" అన్నాడు. చుట్టమూ ఇంటిమనిషీ నేను కలిపినవి. భుజం మీద చెయ్యి కూడా నేనే వేయించాను. కానీ వెళ్ళేటప్పుడు "ఎప్పుడన్నా వస్తే చూద్దువు గాని" అన్నది మాత్రం నిజం. ఆ ఒక్క ముక్క పట్టుకుని నేను ముసలివాణ్ణయ్యాను.

మా ఆవిడకు ఈ పిచ్చి లేదు. ఆమెది జనగామ పక్కన ఊరు. నేను సువా మాట ఎత్తినప్పుడల్లా "సువా లేదు గివా లేదు, నల్లా వచ్చింది, బకెట్ పెట్టు" అనేది. ఇలా చాలా ఏళ్ళు బకెట్లు పెట్టాను.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, ఫోన్లో ఎవరో పెట్టిన వీడియో చూస్తున్నాను. సువాలో ఒక ఇంటి వరండా. వాన. ఇంటి కప్పు ఇనుప రేకులది. అంతకుమించి అందులో ఏమీ లేదు, మనుషులు కూడా లేరు. ఆ చప్పుడు మాత్రం ఫోన్లోంచి గదంతా నిండిపోయింది. చిక్కుడుకాయలు తుంచుతున్న మా ఆవిడ చేతులు ఆగాయి.

"ఇంకోపారి పెట్టు" అంది.

పెట్టాను. మూడోసారి తనే ఫోన్ తీసుకుని పెట్టుకుంది.

ఎందుకో నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో మేం ఇక్కడే నాచారంలో రేకుల గదిలో కిరాయికి ఉండేవాళ్ళం. ఆమె పుట్టింటిది గడ్డికప్పు, వాన పడ్డా మెత్తగా పడేది. చప్పుడు చేసే వానను ఆమె మొదట విన్నది ఆ గదిలోనే. వాన మొదలైతే ఒకరి మాట ఒకరికి వినపడదు. ఆమె గోడకు ఆనుకుని, మోకాళ్ళు దగ్గరకు తీసుకుని, నోరు మూసుకుని కూర్చునేది. ఆమె నోరు మూసుకుని ఉండడం నేను చూసింది ఆ వానల్లోనే. తర్వాత ఇల్లు కట్టుకున్నాం. స్లాబు పోసిన రోజు గల్లీ అంతా మిఠాయి పంచాను. అప్పటినుంచి మా ఇంట్లో వాన వినపడలేదు. పొద్దున తలుపు తీసి తడిసిన గల్లీని చూసి, ఓహో, వచ్చిపోయింది అనుకోవడమే.

"ఆడ ఇండ్లు ఇప్పటికీ రేకులవేనా?" అని అడిగింది.

"అన్నీ రేకులవే" అన్నాను. నాకేం తెలుసు, అప్పుడే అల్లాను.

"అయితే పోదాం."

హబ్సిగూడలో కోచింగ్ సెంటర్ల మధ్య, టిఫిన్ సెంటర్ పైన ఒక ట్రావెల్ ఆఫీసు ఉంది. అక్కడ కూర్చునే ఆమె ఎక్కువగా చదువుకునే పిల్లలకే టిక్కెట్లు చేస్తుంది. మమ్మల్ని చూసి ఎవరి పిల్లల గురించో వచ్చామనుకుంది.

"మేమే పోవాలె" అన్నాను. "ఫిజీకి."

"ఫిజీనా అంకుల్? అంత దూరమెందుకు? బాలి పోండి, తొందరగ చేరుతరు. మాల్దీవ్స్ పోండి, ఫొటోలు మంచిగ వస్తయ్."

"ఫొటోలకు కాదమ్మా, వానకు."

ఆమె మా ఆవిడ వైపు చూసింది, ఈయనకు బాగానే ఉందా అన్నట్టు. మా ఆవిడ ముందుకు జరిగి కూర్చుంది.

"రూమ్ ఎట్లాంటిది కావాలె ఆంటీ? సముద్రం కనపడేదా?"

"సముద్రం కనపడకున్నా ఏం లేదు బిడ్డా. మీద రేకులుండాలె."

"రేకులా?"

"ఇనుప రేకులు. లోపల సీలింగ్ గిట్ల కొట్టియ్యొద్దు."

పాపం, ఆ కంప్యూటర్లో ఈత కొలను కావాలంటే నొక్కడానికి చోటుంది, పొద్దున టిఫిన్ కావాలంటే చోటుంది. రేకులు కావాలంటే నొక్కడానికి ఎక్కడా లేదు. ఆమె మంచిది. మమ్మల్ని పంపించెయ్యకుండా సువాలో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కు ఫోన్ కలిపి, ఇంగ్లీషులో అడిగింది. అవతల ఇల్లుగలామె మేం ముందుగానే తప్పు పడుతున్నామనుకుని ధైర్యం చెప్పిందట: రేకులే, కానీ భయం లేదు, లోపల చెక్క కొట్టించాం, చప్పుడు రాదు. ఆ మాట తెలుగులో చెప్పగానే మా ఆవిడ ముఖం వాడిపోయింది. మళ్ళీ అడిగించాం. వెనకవైపు పాత గది ఒకటి ఉందట, దానికి చెక్క లేదు, వానాకాలం దాన్ని ఎవరికీ ఇవ్వరట.

"అదే ఇయ్యమను" అంది మా ఆవిడ.

ఇక ఎప్పుడు వెళ్ళాలన్నది. "మే నుంచి అక్టోబర్ దాకా అక్కడ మంచి సీజన్ ఆంటీ. వానలు తక్కువ" అని ఆమె అంటే, "వాన లేని సీజన్ మంచిదెట్లయితది?" అని మా ఆవిడ. నవంబర్ దాటితే వానలు దంచి కొడతాయి, కానీ తుఫాన్లు కూడా వస్తాయి. చివరికి దీపావళి వెళ్ళిన వెంటనే అని తేల్చుకున్నాం. వానలు మొదలయ్యే వేళ, తుఫాన్లు ఇంకా లేవని వేళ.

దారి ఇలా తేలింది. శంషాబాద్ నుంచి సింగపూర్. అక్కడ విమానం మారి, రాత్రంతా ఎగిరి, తెల్లవారాక ఫిజీకి పడమటి కొసన నాండి అనే ఊళ్ళో దిగాలి. సువా ఉన్నది తూర్పు కొసన. అక్కడికి మళ్ళీ బస్సు. ఇంట్లో నేను దీన్ని ఇంకో రకంగా చెప్పాను. "ఏం లేదే, మనం బస్సుల వరంగల్ పొయ్యొచ్చినంత." ఆమె నమ్మలేదు. "వరంగల్ ఎన్నిసార్లు?" అంది. ఒప్పుకున్నాను, చాలాసార్లు.

అంతసేపు కదలకుండా కూర్చోగలమా అని ఆమెకు పట్టుకుంది. దానికి సాధన మొదలుపెట్టింది. హాల్లో ఫ్యాన్ కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు పక్కపక్కన వేసింది. ముందు గోడ. మధ్యాహ్నం అన్నం ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని తినాలి. లేవాలనిపిస్తే పక్కవాణ్ణి జరగమని అడిగి లేవాలి. కిటికీ పక్క సీటు ఆమెదే, దానిపక్కన నిజంగానే కిటికీ ఉంది కాబట్టి.

ఎదురింటామె చక్కెర కోసమో దేనికోసమో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఆమె దవాఖానాలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. మహబూబాబాద్ వైపు వాళ్ళు, క్రైస్తవులు. మా ఆవిడా ఆమే ఒకరినొకరు వదినె అనుకుంటారు, నేను అన్నను.

"ఏందన్నా, బస్సు కోసం కూసున్నరా?"

"విమానంల ఉన్నం" అన్నాను.

"ఎందాక పోయిన్రు?"

"ఇంకా సింగపూర్ రాలేదు వదినె" అంది మా ఆవిడ, గోడ మీదనుంచి చూపు తిప్పకుండా.

టిక్కెట్లు తీసుకునే రోజు గొడవ వచ్చింది. విమానం మారడానికి నిమ్మళంగా సమయం దొరికేది శనివారం నాడే. మిగతా రోజుల్లో అయితే సింగపూర్‌లో ఉరకాలి, మా వయసులో ఉరకలేం. శనివారం అనగానే మా ఆవిడ అడ్డం తిరిగింది. శనివారం తూర్పుకు శూల. ఆ రోజు తూర్పు దిక్కుకు ప్రయాణం కట్టకూడదు.

"ముందు పోయేది శంషాబాద్ గదనే. అది మనకు పడమర పడతది" అన్నాను.

"శంషాబాద్ సూడనీకె పోతున్నమా మనం?"

దీనికి ఆమె దగ్గర ఉపాయం ఉంది. వెళ్ళే రోజు మంచిది కాకపోతే, అంతకుముందు వచ్చే మంచిరోజున మన సంచి ఒకటి గడప దాటించి ఇంకొకరి ఇంట్లో పెట్టడం మన దగ్గర ఉన్నదే, ప్రస్థానం అంటారు. సంచి బయలుదేరింది కాబట్టి మనమూ బయలుదేరినట్టే లెక్క. తర్వాత శనివారం మనం వెళ్ళినా అది ప్రయాణం మొదలుపెట్టడం కాదు, మొదలైన ప్రయాణంలో వెళ్ళి కలవడం. మా ఆవిడ పుట్టింట్లో దీనికి ఒకటే కట్టు: బయటికి వెళ్ళిన సంచి మళ్ళీ మన గడప తొక్కకూడదు. తొక్కితే ఆ ప్రయాణం ఒడిసినట్టే, అక్కడితో సరి.

ఎదురింటామెను అడిగాం.

"మా ఇంట్ల వర్జ్యాలు, శూలలు ఏమీ లేవు వదినె. పొద్దున, మాపున ప్రార్థన ఉంటది. నడుస్తదా?"

"మస్తు నడుస్తది."

"అయితే పెట్టుండ్రి. దానికోసం కూడా ఓ మాట జెప్త ప్రభువుకు."

గురువారం పొద్దున మంచి గడియ చూసి నేను నీలం సంచి మోసుకుని గల్లీ దాటాను. సముద్రయానానికి బయలుదేరినంత ఠీవిగా వెళ్ళానని చెప్పాలని ఉంది. సంచి బరువుకు నడుము పట్టేసి వంకరగా వెళ్ళాను. అందులో మా ఆవిడ చీరలు, నా చొక్కాలు, దుప్పటి ఒకటి. ఎదురింట్లో బీరువా పక్కన స్టూలు మీద పెట్టి వచ్చాను.

శుక్రవారం తెల్లవారినప్పటినుంచి మరిచిపోయినవి గుర్తుకురావడం మొదలైంది. సంచిని ఇంటికి తెచ్చి సర్దుకునే వీల్లేదు. కాబట్టి మరిచిపోయిన ప్రతిదాన్నీ మా ఆవిడే అక్కడికి మోసింది. బీపీ గోలీలు ఒకసారి. నా మఫ్లర్ ఒకసారి. "ఆడ చలి ఉండదే" అంటే "విమానంల ఉంటదట" అని నా స్వెటర్ ఇంకోసారి. గల్లీలో మురుగు మోరీ పైపుల కోసం తవ్వి వదిలేశారు, దాటడానికి బండ ఒకటి అడ్డం వేశారు. దాని మీదనుంచి ఆమె వెళ్తూ వస్తూ ఉంటే నేను గేటు దగ్గర కుర్చీ వేసుకుని వెక్కిరిస్తున్నాను. "ఇంటిని గూడ సంచిల పెట్టు, ఒక్కపారి తేలిపోతది."

సాయంత్రం మామిడికాయ తొక్కు సీసా కొంగు కింద దాచుకుని బయటికొచ్చింది. పచ్చళ్ళు తీసుకుపోనివ్వరని ట్రావెల్ ఆఫీసామె మరీమరీ చెప్పింది. నాకు తెలియకుండా పెట్టాలని, నావైపు చూస్తూ నడిచింది. బండ చూసుకోలేదు.

సీసా పగిలిన చప్పుడు విన్నాను. ఆమె అరవలేదు. నేను వెళ్ళేసరికి మట్టిలో కూర్చుని, తొక్కు అంటిన చేతితో తొడ పట్టుకుని, "లేపకు, లేపకు" అంటున్నది. ఎదురింటామె పరుగెత్తుకొచ్చి, కాలు చూసి, అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. శనివారం, సింగపూర్ విమానం ఎగిరే వేళకు, ఆమెను ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు.

స్పృహ వచ్చాక మొదటి మాట: "సంచి ఇంటికి తెచ్చినవా?"

"తేలే."

"తేకు."

ఇంటికొచ్చాక మంచం కిటికీ దగ్గర వేశాం. డాక్టరు నడక మొదలుపెట్టమన్నాడు, వాకర్ ఇచ్చాడు. దూరప్రయాణం సంగతి నేనే అడిగాను. ఇప్పుడు మాట్లాడొద్దు, అంతసేపు కూర్చోవడం మంచిది కాదు, బాగా నడవగలిగాక చూద్దాం అన్నాడు. మా ఆవిడ అందులో 'చూద్దాం' ఒక్కటే విన్నది. నేను మిగతాదంతా విన్నాను. వాకర్ పట్టుకుని బాత్రూం దాకా వెళ్ళేది, వచ్చి పడుకునేది. అంతకుమించి నడవమంటే కోపం.

సంచి అక్కడే ఉంది. నెల గడిచింది, సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రి వెళ్ళింది. మేం బయలుదేరి అన్ని నెలలైంది, ఇంకా గల్లీ దాటలేదు.

సంచిలో చీరలు ముక్కవాసన పట్టకుండా ఎదురింటామె అప్పుడప్పుడు వాటిని తీసి తన డాబా మీద ఎండలో ఆరేసేది. మంచంలోనుంచి మా ఆవిడకు అవి కనిపించేవి. ఆకుపచ్చది, వంగపండు రంగుది, గాలికి ఊగుతూ. ఆ పూట ఆమె అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేది. సాయంత్రం ఎదురింటామె వాటిని మడతపెట్టి మళ్ళీ సంచిలో పెట్టి, ఇటువైపు చెయ్యి ఊపేది. ఈమె కిటికీలోంచి ఊపేది, స్టేషన్లో బండి కదిలినప్పుడు ఊపినట్టు.

ఆ రోజుల్లో నేను చేసిన పని ఒకటి చెప్పాలి. పొద్దున నడవడానికి వెళ్ళే పార్కులో, నా తోటివాళ్ళు "ఫిజీ పోయొచ్చినవా?" అని అడిగారు. పోయొచ్చాను అన్నాను. ఇక ఆగలేదు. వెనకగది గురించి చెప్పాను. పడుకుంటే కప్పు మీద వాన గుర్రాల్లా పరుగెత్తడం, మా ఆవిడ గోడకు ఆనుకుని నోరు మూసుకుని కూర్చోవడం, తెల్లవారి వరండాలో మా ఇద్దరికీ ఇల్లుగలామె చాయ్ తేవడం. ఒకాయన అయితే కళ్ళు మూసుకుని విన్నాడు. అబద్ధం చెప్పానన్న సిగ్గు నాకు అప్పుడు రాలేదు. ఇంటికి నడిచి వస్తుంటే వచ్చింది, అది కూడా సిగ్గు కాదు. చెప్పినంతసేపూ నేను అక్కడ ఉన్నాను, ఇప్పుడు లేను. అంతే.

ఉగాది దాటాక ఎదురింటామె ఇల్లు ఖాళీ చేస్తున్నానని చెప్పింది. ఘట్‌కేసర్‌లో కూతురు కొత్త ఫ్లాట్ కొన్నది, తల్లిని రమ్మన్నది. సామాను ఎక్కించే రోజు నేను సాయం వెళ్ళాను. అన్నీ ట్రాలీ బండిలో ఎక్కాక స్టూలు మీద సంచి ఒక్కటి మిగిలింది.

"ఇప్పుడెట్ల అన్నా?" అని అడిగింది.

నేను సంచి తీసుకుని బయటికొచ్చాను. గల్లీ మధ్యలో నిలబడ్డాను. మోరీ పని ఎప్పుడో అయిపోయింది, బండ లేదు. అటు ట్రాలీ, ఇటు మా గేటు. నిజం చెబితే ఇంటికే తేవాలనుకున్నాను. కాలు బాగుపడదని కాదు. చీరలు ఆరేసిన రోజు ఆమె కిటికీకి అతుక్కుపోవడం, ఆరెయ్యని రోజు గోడవైపు తిరిగి పడుకోవడం చూసీచూసీ నాకు ఓపిక పోయింది. ఆశ లేకపోతే ఇద్దరం హాయిగా ఉంటాం అనిపించింది. సంచి తెచ్చి లోపల పడేస్తే ఒక పూట ఏడుస్తుంది, తర్వాత చిక్కుడుకాయలు తుంచుతుంది.

గేటువైపు రెండడుగులు వేశాను. తల ఎత్తితే ఆమె గేటులో ఉంది. మంచం దిగి, వాకర్ పట్టుకుని, మెట్టు దిగి, అంతదూరం ఒక్కతే వచ్చింది. వాకర్‌ను గేటుకు అడ్డంగా పెట్టింది.

"లోపటికి తేకు."

"ఎన్ని రోజులే ఈ నాటకం? డాక్టర్ ఏమన్నడో వినలేదా?"

"నడువుమన్నడు. నడిసొచ్చిన గదా."

"కూసోవద్దన్నడు. విమానంల నిలబడి పోతవా?"

"అది తర్వాత సంగతి." ఊపిరి అందడం లేదు, ఆగి ఆగి మాట్లాడింది. "నీకు పోవాలని లేకుంటే చెప్పు. నా కాలు మీద పెట్టకు."

ఎదురింటామె మా ఇద్దరి మధ్యకు వచ్చి సంచి నా చేతిలోంచి తీసుకుంది.

"వదినె, నాతో తీస్కపోనా?"

"ఘట్‌కేసర్ ఎటు పడతది?" అని మా ఆవిడ నన్ను అడిగింది.

"తూర్పు."

"అయితే తీస్కపో వదినె. జర ముందుకు పోయినట్లయితది."

ట్రాలీలో మంచాల మీద సంచి ఎక్కింది. గల్లీ మలుపు తిరిగేదాకా ఇద్దరం చూశాం. తర్వాత ఆమెను లోపలికి తీసుకెళ్ళడానికి చెయ్యి ఇచ్చాను. పట్టుకోలేదు.

మర్నాటినుంచి నడక మొదలుపెట్టింది. మొదట గేటు దాకా. తర్వాత కిరాణా కొట్టు దాకా, అక్కడ బల్ల మీద కూర్చుని రావడం. వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. నేను పక్కన నడిచేవాణ్ణి, మాట్లాడితే కసిరేది, ఊపిరి దండగ అని. ఎదురింటి డాబా మీద ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళ బట్టలు. అటు చూసేది కాదు. సాయంత్రం ఘట్‌కేసర్ నుంచి ఫోన్ వచ్చేది, సంచి బాల్కనీలో ఉందని, చీరలు ఎండకు పెట్టానని. నేను పార్కుకు వెళ్ళడం మానేశాను, ఆమెతో నడవడం సరిపోయింది.

మొన్న ఒక పొద్దున, చాయ్ తాగుతూ, "సంచిని చూసొద్దాం" అంది.

"ఎప్పుడు?"

"ఇయ్యాల్నే."

"ఇయ్యాల శనివారం. తూర్పుకు శూల."

"మనం ఎన్నడో బయలెల్లినం గదా" అంది.

మధ్యాహ్నం ఎండ తగ్గాక ఆటో మాట్లాడాను. కారు మాట్లాడుదామంటే వద్దంది. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు ఎక్కేసరికి, ఫ్లైఓవర్ పిల్లర్ల నడుమ గుంతల్లో ఆటో ఎగిరి పడుతున్నది. ప్రతి గుంతకూ ఆమె కళ్ళు మూసుకుంటున్నది, చేతికర్రను మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నది. బోడుప్పల్ దగ్గర ఆపమంటావా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. నారపల్లి దాటాక రోడ్డు కొంచెం నునుపైంది. నాండిలో దిగాక బస్సులో ఎంతసేపు అని అడిగింది. నాలుగు గంటలకు తక్కువ కాదు అని చెప్పాను. తగ్గించి చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు.

ఘట్‌కేసర్‌లో ఆ అపార్ట్‌మెంట్ రోడ్డు మీదికే కనిపిస్తుంది. బాల్కనీలో ఎదురింటామె నిలబడి చెయ్యి ఊపుతున్నది. అవును, ఇప్పుడు ఎదురిల్లు కాదు, కానీ మాకు ఇంకో మాట అలవాటు కాలేదు. ఆమె పక్కన తీగ మీద ఆకుపచ్చ చీర.

ఆటో అతను నెమ్మది చేశాడు. "గిదే గదమ్మా మీరు చెప్పింది?"

"గిదే" అంది మా ఆవిడ. బాల్కనీ వైపు చూసింది, చెయ్యి ఊపింది. "ఇంక జర ముందుకు పోనియ్ బిడ్డా."

"ఎందాక?"

ఆమె నావైపు చూసింది.

"నొస్తుందా?" అన్నాను.

"నొస్తది. ఎంత దూరం ఓర్సుకుంటనో సూస్త."

నేను ఆటో అతనికి పోనివ్వమని చెయ్యి చూపించాను. ఘట్‌కేసర్ వెనకబడింది. ఫోన్ మోగింది. ఎత్తితే బాల్కనీలోంచి గొంతు, "ఏందన్నా, ఆగకుంట ఎటు పోతున్రు?" నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ ఫోన్ లాక్కుంది.

"వస్తం వదినె. చీర తియ్యకు, ఆరనియ్. జర దూరం పోయొస్తం."

పొద్దు మా వెనకనుంచి పడుతున్నది. బీబీనగర్ దాకా ఆమె ఆపమనలేదు.